ఖాళీ సంచి

మా అప్ప స్కానింగు కాయితాలను బట్టలకొట్టు కవర్లో పెట్టుకుని విజయనగరంలో పలాస ప్యాసింజరు దిగింది. అప్ప అంటే మా పెదనాన్న కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్ద. పదహారేళ్ళుగా జీడిపిక్కలు కొడుతోంది. పిక్క తొక్కలోని రసానికి వేళ్ళ చివర్లు నల్లబడి, గీతలు చెరిగిపోయాయి. ఆ వేళ్ళతో కవరు విప్పి కాయితాలు నా ఒళ్ళో పెట్టింది.

"ఏటీ లేదు గుంటా. సంచిలో గెడ్డలున్నాయంట. తీయించీమన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మే. లేపోతే కేన్సరైపోద్దన్నారంట. అది మీ బావకి సెప్పినారు, నాకు కాదు."

"మరి నీకేటి సెప్పినారు?"

"పిల్లలెంతమందమ్మా అన్నారు. ఇద్దరన్నాను. ఇంకెందుకు ఖాళీ సంచి అన్నారు."

అది ఏ ఆసుపత్రో నేను అడగలేదు, అడిగినా ఇక్కడ రాయను. ఈ మాట ఒక్క గుమ్మంలో పుట్టింది కాదు. మా అమ్మ విన్నది, మా పిన్నమ్మ విన్నది, మా వీధిలో సగంమంది విన్నారు. చెప్పిన డాక్టర్లలో చెడ్డవాళ్ళూ ఉండొచ్చు, పొద్దుటినుంచీ నూటయాభై మందిని చూసి అలసిపోయిన మంచివాళ్ళూ ఉండొచ్చు. నన్ను ఆపింది ఆ మాటలోని తర్కం. నిండటానికే పుట్టిన వస్తువు, నిండటం మానేశాక ఉండనక్కర్లేదు అనే తర్కం.

సంస్కృతంలో గర్భాశయం. ఆశయం అంటే నిలిచే చోటు, జలాశయంలో ఉన్నది అదే. తెలుగు నోటికి అది గర్భసంచి అయింది. ఇంటి మాట, ఎవరికైనా అర్థమయ్యే మాట, తప్పుపట్టడానికేమీ లేదు. అయితే మాది గోనెల జిల్లా. నెల్లిమర్ల జూట్ మిల్లు సైరనుతో పొద్దు గుర్తుపట్టిన ఊళ్ళు మావి. ఖాళీ గోనె విలువ మాకు తెలియనిది కాదు. వానొస్తే గూడులా మడిచి నెత్తిన వేసుకుంటాం, గుమ్మంలో పరుచుకుంటాం, పశువు వీపున కప్పుతాం, చిరిగితే కుట్టుకుంటాం. ధాన్యం తీసేశాక గోనెను పొయ్యిలో పెట్టే రైతుని నేను చూడలేదు. గోనెకిచ్చిన ఈ పాటి మర్యాద ఆడదాని ఒంట్లో సంచికి ఎందుకు లేకపోయింది?

గడ్డ అన్న మాట సంగతి కూడా చెప్పుకోవాలి. మా పక్క గెడ్డ అంటే ఏరు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ. మా అప్ప నోట ఒంట్లో గడ్డా, ఊరి పక్క ఏరూ ఒకే మాటలా వినిపిస్తాయి. రెండూ పొంగుతాయి, రెండూ ఎండుతాయి. ఫైబ్రాయిడ్ విషయంలో ఈ పోలిక మరీ అడ్డదిడ్డమైందేమీ కాదు. గర్భాశయం గోడలోని కండరంలో ఒక్క కణం దారి తప్పి, తనలాంటివాళ్ళనే కంటూ పోతే ఏర్పడే ముద్ద అది. ఒక గడ్డలోని కణాలన్నీ ఆ ఒక్కదాని సంతానమే. ఇలాంటి గడ్డల్లో దాదాపు 70 శాతంలో మెడ్12 అనే ఒకే జన్యువులో మార్పు ఉందని 2011లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు దానికి నీరు. అవి పారినన్నాళ్ళు పెరుగుతుంది. ముట్లుడిగాక చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది.

ఇది ఎంతమందిలో ఉంటుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. 2003లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, యాభై ఏళ్ళు వచ్చేసరికి అక్కడి తెల్లజాతి స్త్రీలలో 70 శాతం మందికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఈ గడ్డలు ఉంటాయి. వాళ్ళలో చాలామందికి అవి ఉన్నట్టు కూడా తెలియదు. అంటే స్కానింగులో గడ్డ కనిపించడం ఒక వార్తే కాదు. అది ఎక్కడ కూర్చుంది, ఏం చేస్తోంది అన్నది వార్త. లోపలి పొరకి ఆనుకుని ఉన్న ఉసిరికాయంత గడ్డ మనిషిని రక్తం లేకుండా చేసేయగలదు. బయటి గోడకి వేలాడే కొబ్బరికాయంత గడ్డ మూత్రాశయాన్ని నొక్కుతూ, మాటిమాటికీ దొడ్లోకి పరిగెత్తించడం తప్ప ఇంకేమీ చేయకపోవచ్చు. మా అప్ప కాయితంలో రెండు గడ్డలు, ఒకటి నాలుగు సెంటీమీటర్లు, ఒకటి రెండు. పెద్దది గోడలో, చిన్నది లోపలి పొర దగ్గర. బావ భయపడింది పెద్దదాన్ని చూసి. మనిషిని పీలుస్తున్నది బహుశా ఆ చిన్నది.

ఇక కేన్సరు మాట. ఫైబ్రాయిడ్ కేన్సర్ కాదు. గర్భాశయ కండరానికి వచ్చే సార్కోమా అనే కేన్సర్ ఉంది, అది చాలా అరుదు, ఎక్కువగా వేరే దారిన పుట్టేదే తప్ప ఈ గడ్డ ముదిరి అయ్యేది కాదు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా, అప్పుడు గడ్డ పెరిగినా తాత్సారం చేయకూడదు. ముప్పై ఎనిమిదేళ్ళ మా అప్పకి నెలసరి ఎక్కువవుతోందంటే అది మరో లెక్క. కేన్సరన్న మాట ఆమెకి జబ్బు వివరించడానికి వాడలేదు. సంతకం పెట్టించడానికి వాడారు. అదీ ఆమె మొగుడితో.

విజయనగరంలో ఉంటూ లెక్కల గురించి మాట్లాడితే గురజాడ గుర్తుకురాక మానడు. కన్యాశుల్కం తొలి ముద్రణకి రాసిన ఇంగ్లీషు పీఠికలో ఆయన ఒక లెక్క చెప్పాడు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ పట్టీ తయారు చేయించాడు. మూడేళ్ళకి తేలినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అంతకుముందు అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎవరూ చూడని సంగతి. అంకె వేశాక కనిపించింది. 'అందరిళ్ళలోనూ జరిగేదే' అన్న మాట చాటున ఎంత దాగుతుందో ఆ పట్టీ చూస్తే తెలుస్తుంది.

మన కాలంలో ఇలాంటి పట్టీ చాలా ఆలస్యంగా వచ్చింది. గర్భసంచి తీయించుకున్నారా అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటా స్త్రీలను అడగడం నాలుగో విడతలో, 2015-16లో మొదలైంది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద వందకి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తర్వాతి సర్వేలోనూ ఇంచుమించు అంతే, 8.7 శాతం. దేశంలో మనమే ముందు, మన వెనకే తెలంగాణ. దేశం మొత్తం మీద చూస్తే ఆపరేషన్ నాటికి వయసు, సగం మందికి ముప్పై నాలుగు లోపే. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో.

ఎందుకు మనమే? డబ్బాశ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, అందులో నిజమూ ఉంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట పెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేదవాడికి గుండె ఆపరేషన్ అందించిన పథకమే, ఈ ఆపరేషన్‌ని కూడా సులువు చేసింది. ఎన్ని సంచులు అక్కర్లేకుండా తీసేస్తున్నారో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి చెప్పాక, పథకం కింద దీన్ని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగినవాటిపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకి వెళితే, 2023 ఏప్రిల్ 5న తీర్పొచ్చింది. అక్కర్లేని ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలకు చెప్పింది.

కానీ నాకు డబ్బుకంటే ముందున్న లెక్క ఒకటి కనిపిస్తుంది. మన రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. చేయించుకున్న మగవాళ్ళు నూటికి ఒక్కడు కూడా లేడు. పైగా పాతికేళ్ళు నిండకముందే అయిపోయేవాళ్ళు కొల్లలు. మా అప్పకి పదిహేడుకి పెళ్ళి, ఇరవై రెండుకి ఆపరేషన్. అంటే ఆమె గర్భాశయానికి సంఘం అప్పగించిన పని అయిదేళ్ళలో ముగిసింది. ఆ తర్వాత పాతికేళ్ళపాటు అది నెలనెలా రక్తం ఓడుతుంది, నొప్పి పుడుతుంది, గడ్డలు కడుతుంది, దేనికీ పనికిరాని అద్దెదారులా. ముప్పై ఎనిమిదికి ఖాళీ చేయించడంలో డాక్టరు తర్కం కొత్తదేమీ కాదు. ఇరవై రెండుకే మనం చదివేసిన తీర్పుని అమలు చేయడమే.

అసలు ఖాళీగా ఉందా అది? పొత్తికడుపులో పక్కవాళ్ళని ఎక్కడివాళ్ళని అక్కడ నిలిపి ఉంచడంలో సాయపడుతుంది. అండాశయాలకు వెళ్ళే నెత్తురులో కొంత దాని పక్కనుంచే వెళుతుంది, అందుకే సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే కాలం ముందే వచ్చేస్తుంది. "ఎలాగూ పొట్ట కోశాం కదా" అని అండాశయాలు కూడా తీసేస్తే రాత్రికి రాత్రే ముసలితనం. ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెకి ముప్పు. సంచి పోయాక నడుం నొప్పి పట్టుకుందని మా పిన్నమ్మ అంటే, వయసమ్మా వయసు అన్నారు. అప్పుడామె వయసు ముప్పై ఆరు.

విక్టర్ బానీ అని లండన్‌లో ఒక సర్జన్ ఉండేవాడు. పెళ్ళైన కొత్తలోనే ఆయన భార్యకి ఫైబ్రాయిడ్ వల్ల రక్తం పోయి పోయి, చివరికి గర్భాశయం తీసేశారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ తర్వాత ఆయన తన జీవితమంతా గడ్డల్ని మాత్రమే వలిచి గర్భాశయాన్ని మిగల్చే పనికి పెట్టాడు. ఒకే మనిషి గర్భాశయం నుంచి 225 గడ్డలు తీశాడని చెబుతారు. ఇది చదివినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. తర్వాత ఒక అనుమానం పుట్టింది. బానీ ఏడ్చింది పుట్టని పిల్లల కోసం కదా? వాళ్ళకి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ ఆపరేషన్ జరిగి ఉంటే ఆయన అంత కష్టపడేవాడా? ఇక్కడా సంచి విలువ సరుకుని బట్టే. ఈ అనుమానానికి నా దగ్గర జవాబు లేదు.

జపాన్‌లో శాస్త్రవేత్త ఉటాకో ఒకామొటో కథ వేరు. చంటిబిడ్డని చూసుకునేవాళ్ళు లేక వీపున కట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళేదట. భర్తతో కలిసి ఆమె కనిపెట్టిన ట్రానెగ్జామిక్ ఆమ్లం 1962లో లోకానికి తెలిసింది. కాన్పులో రక్తం కారి చచ్చిపోయే తల్లుల్ని కాపాడాలన్నది ఆమె పట్టు. నెలసరిలో రక్తం తగ్గించే మాత్రగా ఇప్పుడది పలాస మందుల షాపులో కూడా దొరుకుతుంది. మా అప్పకి దాన్ని ఒక్కసారి, అయిదు రోజులకి ఇచ్చి, తగ్గలేదని తీర్మానించేశారు.

నేను ఉత్సాహంగా ఇవన్నీ చెప్పుకుపోయాను. మందుందప్పా, లోపల పెట్టే హార్మోను లూపుంది, అది రక్తాన్ని బాగా తగ్గిస్తుంది, దుర్బీను పంపి లోపలి గడ్డని మాత్రమే కోసి తీస్తారు, గడ్డకి వెళ్ళే నెత్తుటి దారిని మూసేసి ఎండగట్టే పద్ధతి 1995లో ఫ్రాన్స్‌లో డాక్టర్ రవీనా ప్రకటించాడు, విశాఖ, హైదరాబాద్ లాంటి చోట్ల చేస్తున్నారు, ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక వైద్యమే అని. అప్ప చివరిదాకా విన్నది. విని, నెమ్మదిగా అన్నది.

"నువ్వు కుర్చీ మీద కూకుని పాఠం సెప్తావు. నాను పీట మీద పొద్దుట్నుంచీ కూకుంటాను. లేసినప్పుడల్లా ఎనక్కి సూసుకోవాల. నెలకి పది రోజులు. దిబ్బలాంటి గుడ్డ పెట్టుకున్నా ఆగదు. పనికెళ్ళకపోతే కూలి లేదు. విశాపట్నం ఒక్కసారెళ్తే నా కూలీ పోద్ది, మీ బావ కూలీ పోద్ది. మల్లీ రమ్మంటారు, మల్లీ రమ్మంటారు. తీసీస్తే ఒక్కపాలే. నీ సంచి నువ్వు దాసుకో గుంటా, నాకు పీడా పోద్ది."

నేను మాట్లాడలేకపోయాను. ఎదురుచూడటం కూడా ఉన్నవాళ్ళ వైద్యమేనని నాకు అంతకుముందు తట్టలేదు. మందు ఖరీదు తక్కువే, మళ్ళీ మళ్ళీ తిరగడం ఖరీదు. ఆపరేషన్ ఖరీదెక్కువ, కానీ దానికో చివర ఉంది. రోజుకూలి మనిషి చివర ఉన్నదాన్నే కొనుక్కుంటుంది. దాన్ని అజ్ఞానం అనడానికి నేనెవర్ని? పైగా నిజంగానే గర్భాశయం తీయించుకోవాల్సినవాళ్ళు ఉన్నారు, తీయించుకుని బతికి బయటపడ్డామని చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి అవయవం పవిత్రత గురించి ఉపన్యాసం ఇస్తే, అది ఇంకో రకం పెత్తనం. పిల్లల కోసం దాచమనేవాళ్ళు, పిల్లలయ్యారు తీసేయమనేవాళ్ళు, ప్రకృతి కాబట్టి ముట్టుకోవద్దనేవాళ్ళు. ముగ్గురూ ఆమెని అడగలేదు. నేను నాలుగోదాన్ని అవుతున్నానా?

ఇంకో మాట కూడా అన్నది, నవ్వుతూ. "తీసీస్తే ఏ మంగళారమైనా పైడితల్లి దగ్గరికి పోవొచ్చు. లెక్కలెయ్యక్కర్లేదు." పైడితల్లి మా విజయనగరం అమ్మవారు, ఆమె సిరిమానోత్సవం దసరా వెళ్ళిన మంగళవారం. ఆ వారం ముందు నెలసరి వెనక్కి నెట్టే మాత్రల కోసం మా ఊరి మందుల షాపుకి వచ్చే ఆడవాళ్ళని చూస్తే ఆ మాటలో ఎంత బరువుందో తెలుస్తుంది. ఒక అవయవాన్ని కోసి ఇచ్చుకుంటే గుడి తలుపు తెరుచుకోవడాన్ని స్వేచ్ఛ అనాలా, కప్పం అనాలా? అయితే ఆ అమ్మవారి కథ మాత్రం విచిత్రం. 1757 బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన పెద విజయరామరాజు చెల్లెలట ఆమె. అన్న పోయాడని తెలిసి పెద్దచెరువులో కలిసిపోయిందని చెబుతారు. పిల్లల్ని కన్నట్టు ఆ కథలో ఎక్కడా లేదు. లక్షలమంది ఆమెని తల్లీ అంటారు. ఎంతమంది పిల్లలమ్మా అని ఆమెని అడిగినవాళ్ళు లేరు.

మర్నాడు అప్పని మా ఊరి ఘోషాసుపత్రికి తీసుకెళ్ళాను. ఘోషా అంటే పరదా. మగవాడి కంట పడకూడని ఆడవాళ్ళ కోసం పుట్టిన పేరు, పరదాలు పోయినా పేరు మిగిలింది. పేరే కాదు, ఆడవాళ్ళ జబ్బుల మీద పరదా కూడా మిగిలింది. మా అప్ప ఉండే పలాస పక్క, ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఏళ్ళ తరబడి అరిచాక, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. అదే ఉద్దానంలో రక్తం లేక తెల్లబడిన ఆడవాళ్ళ గురించి ఎవరూ రోడ్డెక్కలేదు. రాష్ట్రంలో నూటికి యాభై తొమ్మిదిమంది స్త్రీలకి రక్తహీనత అని సర్వే చెబుతున్నా అది జబ్బుల్లో లెక్కకు రాదు. ఆడవాళ్ళ తీరు అంతే అనుకుంటాం.

వరండాలో బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాం. వంతు వచ్చాక డాక్టరమ్మ ముందు కాయితాలు చూశారు, తర్వాత అప్ప కనురెప్ప కిందకి లాగి చూశారు. ఆ తర్వాత, నా వైపు తిరగకుండా, అప్పనే అడిగారు. రోజుకి ఎన్ని గుడ్డలు మారుస్తావు, గడ్డలు గడ్డలుగా పడుతుందా, ఎన్నేళ్ళనుంచి, నీకు ఏం కావాలి.

ఆ చివరి ప్రశ్నకి అప్ప నా మొహం చూసింది. నేను గోడ మీద గడియారం చూశాను.

"నెత్తురాగాల," అన్నది అప్ప. కాసేపాగి, "సంచి సంగతి నాకు తెల్దమ్మా. నాకు నెత్తురాగాల."

రక్త పరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ ఏడు దగ్గరుంది. ఆ రక్తంతో ఆపరేషన్ చేయాలన్నా ముందు ఎక్కించాల్సిందే అన్నారు. ఉద్దానం పక్కనుంచి వచ్చిన మనిషి కాబట్టి క్రియాటినిన్ చూడకుండా నొప్పి మాత్రలు వద్దన్నారు, రక్తం ఆగే మాత్ర మోతాదు కూడా కిడ్నీని బట్టే అన్నారు. నాకు తట్టని సంగతి అది. నెలనెలా నొప్పికి అప్ప షాపులో అడిగి కొనుక్కుని మింగిన బిళ్ళలెన్నో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టించారు. మూడు నెలలు ఐరన్, మాత్రలు, తర్వాత మళ్ళీ స్కానింగు. అప్పటికీ ఆగకపోతే లూపు, చిన్న గడ్డని కింది నుంచి తీయడం, చివరికి సంచి తీయడం, మూడూ చెప్పారు. తీయించుకోవాలనిపిస్తే తీయించుకో, కానీ కేన్సరని మాత్రం తీయించుకోకు అన్నారు. మొత్తం పట్టింది ఏడెనిమిది నిమిషాలు. బయట ఇంకా ఎనభై మంది ఉన్నారు, ఆ ఏడు నిమిషాలు ఎవరి వంతులోంచి తీసినవో అని అప్పుడే నాకు దిగులేసింది.

"మూడు నెలలు సూత్తాను," అన్నది అప్ప స్టేషన్‌కి నడుస్తూ. "అప్పుడు నానే సెప్తాను. మీ బావ కాదు, నువ్వూ కాదు."

కాయితాలు నలిగిపోతాయని దారిలో ఒక ఫైలు కొని అందులో సర్దాను. బట్టలకొట్టు కవరు అంచు చిరిగిపోయి ఉంది. ప్లాట్‌ఫారం మీద చెత్తడబ్బాలో వేయబోతుంటే అప్ప చెయ్యి పట్టుకుని లాక్కుంది.

"పారీకు. మల్లీ వొచ్చినప్పుడు పిల్లలకి జీడిపప్పు తెస్తాను దీన్లో."